ఉష్ణ వాయుప్రవాహ సెన్సార్: ఎలక్ట్రానిక్స్‌తో కలిపి ఒకే చిప్పు మీద కట్టాలా, విడిగా ఉంచాలా?

కొద్ది నెలల తేడాలో ఇద్దరు ఒకే ప్రశ్నతో నా దగ్గరకు వచ్చారు. ఒకరు కాకినాడలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్పుల రూపకల్పన) చదువుతున్న ఎంటెక్ విద్యార్థిని. గాలి వేగాన్ని వేడితో కొలిచే సెన్సార్‌ను, దాని యాంప్లిఫయర్‌ను ఒకే సిలికాన్ ముక్క మీద రూపొందించి ప్రాజెక్టుగా చూపించాలని ఆమె ఉద్దేశం. మరొకరు భీమవరంలో రొయ్యల హేచరీలకు కంట్రోల్ ప్యానెళ్లు కట్టి ఇచ్చే ఆసామి. బ్లోయర్ నుంచి ట్యాంకులకు వెళ్లే గాలి తగ్గిన వెంటనే అలారం మోగించే పరికరం ఆయనకు కావాలి. "అన్నీ ఒకే చిప్పులో ఉంటే మేలు కదండీ?" అనేదే ఇద్దరి ప్రశ్న. ఆమెకు చెప్పిన జవాబు, ఆయనకు చెప్పిన జవాబు ఒకటి కాలేదు. ఎందుకు కాలేదో వివరంగా రాస్తే ఇదే సందిగ్ధంలో ఉన్న మరికొందరికి ఉపయోగపడుతుందని ఈ పోలిక రాస్తున్నాను.

చిక్కు ఎక్కడ ఉంది

వేడిచేసిన తీగ మీదుగా గాలి పోతే తీగ చల్లబడుతుంది. ఎంత వేగంగా పోతే అంత ఎక్కువ వేడిని గాలి పట్టుకుపోతుంది. ఆ వేడి నష్టం సుమారుగా గాలి వేగపు వర్గమూలంతో పాటు పెరుగుతుందని 1914లో ఎల్.వి. కింగ్ సూత్రీకరించాడు. ఇప్పటికీ లెక్కలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. మరో పద్ధతిలో హీటర్‌కు ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉష్ణోగ్రత సెన్సార్లు ఉంచి, రెండింటి మధ్య తేడాను కొలుస్తారు. గాలి నిలిచి ఉంటే తేడా సున్నా. కదిలితే దిగువ వైపు వేడెక్కుతుంది, ఎగువ వైపు చల్లబడుతుంది, కాబట్టి ప్రవాహపు దిశ కూడా తెలుస్తుంది. నెమ్మది ప్రవాహాలకు ఈ రెండో పద్ధతి బాగా నప్పుతుంది, వేగం మరీ పెరిగితే దాని జవాబు ఎదగడం మానేస్తుంది.

ఈ పనిని సిలికాన్ మీద చేయవచ్చని వాన్ పుట్టెన్, మిడ్డల్‌హూక్ 1974లోనే చూపించారు. అసలు ఇబ్బంది పదార్థంలోనే ఉంది. ట్రాన్సిస్టర్‌కు సిలికాన్ ఎంత మంచి నేలో, ఉష్ణ సెన్సార్‌కు అంత చెడ్డ నేల. గది ఉష్ణోగ్రత దగ్గర సిలికాన్ ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు దాదాపు 148 వాట్లు, సిలికాన్ డయాక్సైడ్‌ది 1.4, గాలిది 0.026 మాత్రమే. హీటర్‌ను నేరుగా సిలికాన్ మీద పెడితే వేడి అంతా కిందికే దిగిపోయి, గాలి చేతికి చిక్కేది నామమాత్రమే. అందుకే హీటర్ కింద ఉన్న సిలికాన్‌ను తొలిచేసి, కొన్ని మైక్రోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్, నైట్రైడ్ పొర మీద దాన్ని వేలాడదీస్తారు. ఒకే చిప్పు అన్నప్పుడు మీరు నిజంగా పెట్టుకుంటున్న పని ఇదే: పక్కనే ఉన్న ట్రాన్సిస్టర్లకు ఏమీ కాకుండా ఆ గొయ్యి తవ్వాలి.

ఎంపికకు ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు సంకేతం ఎంత చిన్నదో లెక్క వేసుకోవాలి. పాలీసిలికాన్, అల్యూమినియంతో కట్టిన థర్మోకపుల్ జంట (ఉష్ణోగ్రత తేడాను వోల్టేజిగా మార్చే రెండు పదార్థాల జత) ఒక్కొక్కటి కెల్విన్‌కు పదుల మైక్రోవోల్టులు ఇస్తుంది. ఉదాహరణకు జంటకు 50 మైక్రోవోల్టుల చొప్పున 20 జంటలు వరసగా కలిపినా, ఎగువ దిగువల మధ్య తేడా డిగ్రీలో పదో వంతు ఉన్నప్పుడు చేతికొచ్చేది 100 మైక్రోవోల్టులే. దాన్ని అర మీటరు వైరు మీద తీసుకువస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. నరసాపురం దిగువన ఒక హేచరీలో సెన్సార్‌ను పైపు మీద, సర్క్యూట్‌ను గోడ మీద పెట్టాం. పక్క షెడ్డులో మోటారు స్టార్టర్ టక్కుమన్నప్పుడల్లా గాలి రెట్టింపయినట్టు స్క్రీను చెప్పేది. 50 హెర్ట్జ్ కరెంటు తాలూకు రొద ఆ వైరులోకి దూరి, అసలు సంకేతం కంటే పెద్దదై కూర్చుంది. యాంప్లిఫయర్‌ను సెన్సార్ పక్కనే ఉంచాలన్న వాదనకు బలం ఇక్కడ ఉంది.

రెండోది సంఖ్య. మీకు కావలసినవి పదా, పదివేలా, పది లక్షలా? చిప్పు తయారీలో మాస్కుల (సర్క్యూట్ బొమ్మను సిలికాన్ మీదికి దించే అచ్చుల) ఖర్చు ముందే పెట్టవలసినది, ఒక చిప్పు తీసినా అంతే, లక్ష తీసినా అంతే. మూడోది విద్యుత్తు: బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాల్సిన గ్యాస్ మీటరుకు మిల్లీవాట్లు లెక్క, ప్యానెల్ నుంచి కరెంటు తీసుకునే పరికరానికి ఆ లెక్క అక్కర్లేదు. నాలుగోది గాలి తీరు. డెల్టాలో ఇదే చాలామందిని దెబ్బ తీస్తుంది గనుక దీని సంగతి చివర్లో విడిగా చెబుతాను. ఐదోది కొలిచే వాయువు: గాలి మీద క్యాలిబ్రేషన్ (తెలిసిన ప్రవాహంతో పోల్చి కొలతను సర్దడం) చేసిన సెన్సార్ మీథేన్‌లో సరైన లెక్క చెప్పదు, ఎందుకంటే మీథేన్ ఉష్ణవాహకత సుమారు 0.034, కార్బన్ డయాక్సైడ్‌ది 0.017.

నాలుగు దారులను పక్కపక్కన పెడితే ఇలా కనిపిస్తాయి.

| దారి | సంకేతంలో రొద | ముందస్తు ఖర్చు | చెడిపోతే | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| రెడీమేడ్ డిజిటల్ మాడ్యూల్ | తక్కువ | దాదాపు లేదు | మాడ్యూల్ మార్చాలి | పదుల నుంచి కొన్ని వేల పరికరాలు |
| సెన్సార్ చిప్పు, బోర్డు మీద విడి సర్క్యూట్ | వైరింగును బట్టి | తక్కువ | సెన్సార్ ఒక్కటే మార్చవచ్చు | ప్రయోగశాల, ప్రత్యేక వాయువులు |
| ఒకే ప్యాకేజీలో రెండు చిప్పులు | తక్కువ | మధ్యస్థం | ప్యాకేజీ మార్చాలి | కొత్త సెన్సార్ పదార్థం వాడేవారు |
| అంతా ఒకే చిప్పు | అతి తక్కువ | చాలా ఎక్కువ | మొత్తం మార్చాలి | లక్షల సంఖ్య, లేదా పరిశోధన |

రెడీమేడ్ మాడ్యూల్

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. ప్రవాహ మార్గం, సెన్సార్, యాంప్లిఫయర్, డిజిటల్ మార్పిడి, క్యాలిబ్రేషన్ అన్నీ అయిపోయిన డబ్బా ఇది. సమాచారం మోసే ఐ2సీ తీగలు రెండు, పవర్ తీగలు రెండు కలిపితే లీటర్లలో జవాబు వస్తుంది. ఇక్కడ గమనించవలసిన తమాషా ఒకటుంది. ఇలాంటి కొన్ని మాడ్యూళ్ల లోపల ఉన్నది ఒకే చిప్పే. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెన్రీ బాల్టెస్ బృందం చేసిన పరిశోధనల నేపథ్యం నుంచి 1998లో పుట్టిన సెన్సిరియాన్ కంపెనీ, సీమాస్ (మామూలు చిప్పులు తయారయ్యే పద్ధతి) సర్క్యూట్‌ను, ఉష్ణ సెన్సార్‌ను ఒకే సిలికాన్ మీద కలిపే పద్ధతినే తన వ్యాపారానికి పునాది చేసుకుంది. అంటే మాడ్యూల్ కొన్నవాడు ఒకే చిప్పు వల్ల వచ్చే లాభం అనుభవిస్తూనే, దాన్ని తయారుచేసే తలనొప్పి లేకుండా ఉంటాడు. భీమవరం ఆసామికి నేను చెప్పినది ఇదే.

బోర్డు మీద విడివిడిగా

సెన్సార్ చిప్పు ఒకటి కొని, దాని చుట్టూ మంచి చాపర్ యాంప్లిఫయర్ (తన సొంత రొద, సున్నా తప్పు తక్కువగా ఉండే రకం), సంకేతాన్ని అంకెలుగా మార్చే సిగ్మా డెల్టా ఏడీసీ పెట్టుకునే దారి ఇది. వైరు పొడవు సెంటీమీటర్లకు మించకపోతే, రెండు తీగలూ పక్కపక్కన నడిస్తే, పైన చెప్పిన రొద చాలావరకు తగ్గుతుంది. హీటర్‌ను స్థిర ఉష్ణోగ్రత మీద నడపాలా, స్థిర శక్తి మీద నడపాలా అన్నది మీ చేతిలో ఉంటుంది, మధ్యలో మనసు మార్చుకోవచ్చు కూడా. వాయువు మారినప్పుడు గుణకాలు మీరే సరిచేసుకోవచ్చు. కాలేజీ ప్రయోగశాలకు ఇంతకంటే మంచి బడి లేదని నా అభిప్రాయం. చిప్పు గీయడానికి పూనుకునేవారెవరైనా ముందు ఒక సెమిస్టరు ఈ పని చేసి ఉండాలంటాను.

ఒకే ప్యాకేజీలో రెండు చిప్పులు

సెన్సార్ ఒక ఫ్యాబ్‌లో (చిప్పుల కర్మాగారంలో), ఎలక్ట్రానిక్స్ మరో ఫ్యాబ్‌లో తయారై, ఒకే ప్యాకేజీలో ఒకటి రెండు మిల్లీమీటర్ల బంగారు తీగలతో కలుస్తాయి. దీని బలం లెక్కల్లో తెలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ వందకు 95, పొర తొలిచే దశ వందకు 80 చొప్పున మంచివి వస్తాయనుకుందాం. ఒకే చిప్పు దారిలో రెండూ గుణించుకుని 76 మిగులుతాయి, పొర చిరిగిన ప్రతి చోటా దాని పక్కనున్న మంచి సర్క్యూట్ కూడా చెత్తబుట్టకు పోతుంది. రెండు చిప్పుల దారిలో పరీక్షించి, మంచి వాటినే జత కలుపుతారు కాబట్టి సర్క్యూట్లు వృథా కావు.

రెండో బలం పదార్థానిది. ఉష్ణోగ్రత కొలవడానికి ప్లాటినం ఎంత స్థిరమైనదో అందరికీ తెలుసు, కానీ ప్లాటినం, బంగారం లాంటి లోహాలను సీమాస్ లైనులోకి రానివ్వరు, అవి సిలికాన్‌లోకి చొరబడి ట్రాన్సిస్టర్లను పాడుచేస్తాయి. సెన్సార్ వేరే చిప్పయితే ఆ ఆంక్ష ఉండదు. పైగా ఎలక్ట్రానిక్స్ చిన్న నోడ్‌లోకి (ట్రాన్సిస్టర్లు ఇంకా చిన్నవయ్యే తయారీ తరంలోకి) మారినా సెన్సార్‌ను ముట్టుకోనక్కర్లేదు. ట్రాన్సిస్టర్ కుదించుకుపోతుంది గాని, గాలికి ఎదురు నిలవాల్సిన పొర కుదించుకుపోదు. అర మిల్లీమీటరు పొర పాత 350 నానోమీటర్లలోనూ అంతే జాగా తింటుంది, ఖరీదైన కొత్త నోడ్‌లోనూ అంతే తింటుంది. ఒకే చిప్పు సెన్సార్లు పాత నోడ్‌లనే అంటిపెట్టుకుని ఉండడానికి ఒక కారణం ఇది.

అంతా ఒకే చిప్పు

ఇందులోనూ ఉపమార్గాలున్నాయి. సీమాస్‌కు ముందే గొయ్యి తవ్వడం ఒకటి. బయట చెయ్యి పడిన వేఫర్లను (చిప్పులు అచ్చువేసే గుండ్రటి సిలికాన్ బిళ్లలను) మామూలు ఫౌండ్రీ, అంటే ఇతరుల డిజైన్లను తయారుచేసిచ్చే ఫ్యాబ్, లోపలికి తీసుకోదు కాబట్టి సొంత ఫ్యాబ్ లేనివారు దీన్ని మర్చిపోవచ్చు. సాధారణంగా నడిచే దారి సీమాస్ పూర్తయ్యాక తవ్వడం. ఇక్కడ మూడు కట్టుబాట్లు ఉన్నాయి.

అల్యూమినియం వైరింగు అప్పటికే పడి ఉంటుంది కాబట్టి ఆ తర్వాతి ఏ దశా సుమారు 400 నుంచి 450 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. తవ్వే ద్రావణం ట్రాన్సిస్టర్లకు హాని చేయకూడదు: పొటాషియం హైడ్రాక్సైడ్ చవకగా, చక్కగా తవ్వుతుంది, కానీ పొటాషియం అయాన్లు గేట్ ఆక్సైడ్‌కు (ట్రాన్సిస్టర్‌లోని పలుచని నిరోధక పొరకు) శత్రువులు, కాబట్టి వేఫర్ ముందువైపును గట్టిగా కప్పి వెనకనుంచి మాత్రమే తవ్వాలి. టీఎంఏహెచ్ అనే మరో తవ్వే ద్రావణంలో ఆ అయాన్ల బెడద లేదు, అందులో ముందే కొంత సిలికాన్ కరిగించి ఉంచితే బయటి తీగలు అతికే అల్యూమినియం ప్యాడ్లను కూడా తినదు. మూడోది జ్యామితి. వెనకనుంచి తడి పద్ధతిలో తవ్వితే గోడలు 54.7 డిగ్రీల వాలులో వస్తాయి. 200 మిల్లీమీటర్ల వేఫర్ మందం 725 మైక్రోమీటర్లు కాబట్టి, పైన 500 మైక్రోమీటర్ల పొర కావాలంటే వెనక దాదాపు 1525 మైక్రోమీటర్ల నోరు తెరవాలి. ప్లాస్మాతో నిలువుగా తవ్వే యంత్రం ఉంటే ఈ వృథా ఉండదు.

విద్యార్థులు బొమ్మ గీసేటప్పుడు మర్చిపోయే విషయం ఒకటుంది. పలువురి డిజైన్లు కలిపి ఒకే వేఫర్ మీద అచ్చువేసే మల్టీ ప్రాజెక్టు విధానంలో మీ చేతికి వచ్చేది వేఫర్ కాదు, కోసేసిన చిన్న చిన్న ముక్కలు. గోరంత ముక్కను తిరగేసి వెనకనుంచి తవ్వడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. అందుకని చిప్పు పై పొరలకు రంధ్రాలు పెట్టే కాంటాక్ట్, వయా, ప్యాడ్ ఓపెనింగ్ పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చి, సిలికాన్ బయటపడే కిటికీలు డిజైన్‌లోనే వదిలి, ముందువైపు నుంచి టీఎంఏహెచ్‌తోనో, జెనాన్ డైఫ్లోరైడ్ వాయువుతోనో తవ్వుతారు. ఇలా పేర్చడం డిజైన్ నియమాలకు విరుద్ధం కాబట్టి ఫౌండ్రీ నుంచి ముందే అనుమతి రాయించుకోవాలి. మన దేశంలో మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల సీమాస్ లైను ఉంది. తవ్వకం లాంటి పనులకు బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి నానో ఫ్యాబ్‌లు బయటి విద్యార్థులకు కూడా అవకాశం ఇస్తున్నాయి. చిప్పు ఒకచోట, గొయ్యి ఒకచోట, కొలత కాకినాడలో అయినప్పుడు ఎంటెక్ రెండేళ్లు చాలకపోవచ్చునని కూడా ఆ విద్యార్థినితో అన్నాను.

తవ్వడం అయిపోయాక కూడా ప్రాణభయం తీరదు. అలా తయారైన చిప్పును నేను మొదటిసారి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు, మీద దూది పోగు లాంటిది కనబడితే అలవాటు కొద్దీ ఊదాను. పోగుతో పాటు పొర కూడా పోయింది. అంతదాకా ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసిన చదరం ఒక్క క్షణంలో నల్లటి గుంట అయ్యింది. గాలిని కొలిచే వస్తువు నోటి గాలికి చిరిగిందని చాలా రోజులు నన్ను ఆటపట్టించారు. పొర ముందే ఒత్తిడికి లోనై ఉబ్బి ఉండడమే కారణమని తర్వాత తేలింది. ఫౌండ్రీ ఆక్సైడ్ పొరలను ట్రాన్సిస్టర్ల కోసం వేస్తుంది, వాటి బిగువు మీకు కావలసినట్టు ఉండాలని లేదు.

ఒకే చిప్పు మీద ఇంకో ఇంటిపోరు ఉంది. 3.3 వోల్టుల మీద ఒక మిల్లీ ఆంపియర్ లాగే యాంప్లిఫయర్ 3.3 మిల్లీవాట్ల వేడి పుట్టిస్తుంది. పొర మీది హీటర్ వాడేది కూడా కొన్ని మిల్లీవాట్లే. సర్క్యూట్ ఒక పక్కకే ఉంటే దాని వేడి చిప్పంతా ఒకవైపుకు వాలి, గాలి లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. వేడి పుట్టించే భాగాలను ప్రవాహ దిశకు అడ్డంగా, మధ్య గీతకు ఇరువైపులా సమానంగా అమర్చడం ఇందుకు మందు. ఇక్కడే థర్మోపైల్‌ను (వరసగా కలిపిన థర్మోకపుల్ జంటలను) నేను ఉష్ణోగ్రతతో విలువ మారే నిరోధకాల కంటే మెచ్చుకుంటాను. రెండు చివరల మధ్య తేడా లేకపోతే అది వోల్టేజి ఇవ్వదు, కొలవడానికి కరెంటు పంపనక్కర్లేదు కాబట్టి తనంతట తాను వేడెక్కదు, మామూలు సీమాస్‌లో ఉన్న పొరలతోనే తయారవుతుంది.

పొర లేకుండా కూడా ఒకే చిప్పు చేయవచ్చు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న గాలి సెన్సార్‌లో చిప్పును సన్నని సిరామిక్ బిళ్ల వెనక అంటిస్తారు, గాలి బిళ్ల రెండో వైపు తగులుతుంది, చిప్పుకు తడి సోకదు. బదులుగా ఎక్కువ శక్తి తింటుంది, జవాబు కూడా నిదానంగా ఇస్తుంది. ఊపిరిని కొలవడానికి అది పనికిరాదు గాని, ఆరుబయట వాతావరణ కేంద్రానికి మాత్రం ముచ్చటైన ఏర్పాటు.

డెల్టా గాలి సంగతి

ఇక వాయిదా వేసిన విషయానికి వస్తాను. హేచరీ బ్లోయర్ సముద్రపు గాలిని పీల్చి కొద్దిగా అదుముతుంది. బయట తేమ 85 శాతం ఉండి, గాలి పీడనం 1.3 రెట్లు అయితే, పైపులో పోతూ మళ్లీ బయటి ఉష్ణోగ్రతకు చల్లబడేసరికి తేమ లెక్క 110 శాతం దాటుతుంది. అంత తేమను గాలి మోయలేదు కాబట్టి చుక్కలు కట్టి తీరుతుంది. ఆ చుక్కలో ఉప్పు ఉంటుంది. పొర మీద ఒక్క చుక్క నిలిచినా వేడి అటు పోయి కొలత తప్పుతుంది, ఆరిపోయాక మిగిలిన ఉప్పు పెచ్చు ఇంకోసారి తప్పిస్తుంది, తీగలు అతికిన అల్యూమినియం ప్యాడ్లను నెమ్మదిగా కొరికేస్తుంది. ఏ దారి ఎంచుకున్నా ఈ బాధ ఒకటే. ఒకే చిప్పు దారిలో మాత్రం సెన్సార్ గాలిలో ఉండాలి, దానికి మిల్లీమీటరు దూరంలో ఉన్న సర్క్యూట్, ప్యాడ్లు గాలికి దూరంగా ఉండాలి అనే వైరుధ్యం మరీ తీవ్రమవుతుంది. ప్యాడ్లను జెల్‌తో కప్పి, పొరను తెరిచి ఉంచే ప్యాకేజింగ్ పని చిప్పు డిజైన్ కంటే ఎక్కువ కాలం తిన్న సందర్భాలు నేను చూశాను.

ఊక గ్యాసిఫయర్ల (ఊకను ఇంధన వాయువుగా మార్చే పరికరాల) దగ్గర ప్రవాహం కొలవాలని రైసు మిల్లుల వారు కూడా అడుగుతుంటారు. ఆ వాయువులో తారు ఉంటుంది, దాని కూర్పు గంటగంటకూ మారుతుంది. ఉష్ణ సెన్సార్ ఏ రకమైనదైనా అక్కడ వద్దని నా మాట, పీడన భేదంతో కొలవడమే నయం.

ఎవరికి ఏది

వందలోపు పరికరాలు కట్టేవారికి మాడ్యూల్ చాలు. డబ్బును చిప్పు మీద కాక పైపు మీద పెట్టండి. భీమవరం ఆసామి పరికరంలో మాడ్యూల్‌ను పెద్ద పైపులో పెట్టలేదు. పైపు పైభాగం నుంచి సన్నని పక్కదారి తీసి, దానికి నీళ్లు దిగజారే చిన్న తూము, వడపోత అమర్చి, అందులో పెట్టాం. పక్కదారిలో ఒక చిన్న వాల్వు కూడా ఉంది. పనివాడు వారానికోసారి దాన్ని మూసి, సున్నా వస్తోందో లేదో చూస్తాడు. రాకపోతే గొట్టం విప్పి ఆరబెడతాడు.

ఇళ్లకు పైపు గ్యాస్ మీటర్లు చేయాలనుకునే కంపెనీ లెక్క వేరు. సంఖ్య లక్షల్లో ఉంటుంది, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలవాలి, గ్యాస్ పొడిగా శుభ్రంగా వస్తుంది. ఒకే చిప్పుకు ఇంతకంటే తగిన చోటు కనబడదు. కాకపోతే గ్యాస్ కూర్పులో తేడాలను పసిగట్టే రెండో కొలత, అంటే ప్రవాహం లేనప్పుడు వాయువు ఉష్ణవాహకతను చూసే ఏర్పాటు, అదే చిప్పులో ఉండేలా మొదటి డిజైన్‌లోనే జాగా వదులుకోవాలి. సంఖ్య ఇంకా తేలని దశలో ఉన్న స్టార్టప్‌లు రెండు చిప్పుల ప్యాకేజీతో మొదలుపెడితే, ఆర్డర్లు వచ్చాక కలిపేసుకోవచ్చు. మొదటే కలిపేసినవాళ్లకు విడదీసుకునే వీలుండదు.

ఇక మా విద్యార్థినికి ఒకే చిప్పే సరైనది. ఆమెకు కావలసింది చవక కాదు, విద్య. థర్మోపైల్, ముందువైపు తవ్వకం, పక్కన చాపర్ యాంప్లిఫయర్ ఒక్కటే పెట్టుకుని, ఏడీసీని బోర్డు మీదే ఉంచమన్నాను. వచ్చిన ముక్కల్లో నాలుగింటిని తవ్వకుండా పక్కన పెట్టమని కూడా గట్టిగా చెప్పాను. తవ్విన చిప్పులో కొలత తప్పినప్పుడు, తప్పు గొయ్యిలో ఉందో సర్క్యూట్‌లో ఉందో తేల్చి చెప్పగలిగేవి ఆ నాలుగే.